స్కౌట్ ర్యాంకులు, బ్యాడ్జీలు: నూరేళ్ళు దాటిన ఒక పద్ధతిపై సమీక్ష

పిల్లలను స్కౌటింగ్‌లో చేర్పించేటప్పుడు ఆ ఉద్యమం శిబిరాలు, స్నేహాలు, క్రమశిక్షణ, సేవాభావం అంటూ చాలా మాట ఇస్తుంది. వాటిలో కంటికి కనిపించే రూపంలో ఇంటికి చేరేవి మాత్రం చొక్కా మీద కుట్టించుకునే చిన్న గుడ్డ ముక్కలే. ఈ సమీక్ష ఆ గుడ్డ ముక్కల గురించి, వాటి వెనక ఉన్న ర్యాంకుల పద్ధతి గురించి. ఒక వస్తువును కొనే ముందు వేసే ప్రశ్నలనే దీనికీ వేయవచ్చు: చెప్పిన పని చేస్తుందా, పాత తయారీకి కొత్త తయారీకి తేడా ఏమిటి, మార్పుల వల్ల మన్నిక పెరిగిందా తగ్గిందా? పరిశీలనకు ప్రధానంగా బ్రిటన్, అమెరికా సంస్థల పద్ధతులను తీసుకున్నాను, ఎందుకంటే మొదటిది ఈ ఉద్యమానికి పుట్టినిల్లు, రెండోది తన నిబంధనలను అంకెలతో సహా పదేపదే మార్చుకున్న సంస్థ. నా అభిప్రాయం ముందే చెబుతాను. బ్యాడ్జీలుగా దొరికే విషయాల సంఖ్య పెరిగింది, వాటిని సంపాదించగలిగే పిల్లల పరిధి ఇంకా ఎక్కువగా పెరిగింది. అయితే బ్యాడ్జీ పెట్టుకున్న పిల్లవాడికి ఆ పని ఇవాళ కూడా వచ్చునా అని అడిగితే, ఈ పద్ధతి ఇచ్చే జవాబు తొలినాళ్ళలో ఉన్నంత గట్టిగా ఇప్పుడు లేదు.

1907 ఆగస్టులో ఇంగ్లండ్ దక్షిణ తీరానికి ఆనుకుని ఉన్న బ్రౌన్‌సీ దీవిలో స్కౌటింగ్ స్థాపకుడు రాబర్ట్ బేడెన్-పావెల్ సుమారు ఇరవైమంది అబ్బాయిలతో నడిపిన ప్రయోగ శిబిరంలోనే మొదటి బ్యాడ్జీ పుట్టింది. అది ఇత్తడితో చేసిన లిల్లీ పువ్వు గుర్తు. ముడులు వేయడం, జాడలు పట్టడం, జాతీయ జెండాను గురించి తెలుసుకోవడం వంటి పరీక్షలు నెగ్గిన అబ్బాయికి, దాని కింద పెట్టుకోవడానికి ‘సిద్ధంగా ఉండు’ అన్న మాటలున్న మరో ఇత్తడి పట్టీ ఇచ్చారు. రూపకల్పన దృష్టితో చూస్తే ఇంతకంటే తెలివైన బ్యాడ్జీ ఆ తర్వాత రాలేదని నా అభిప్రాయం. తర్వాత స్థిరపడిన పద్ధతిలో పట్టీ ఒక్కటే ఉంటే సెకండ్ క్లాస్. పువ్వు, పట్టీ రెండూ కలిస్తే ఫస్ట్ క్లాస్. ఆ పట్టీ చివరలు పైకి తిరిగి ఉండటం స్కౌట్ ముఖం మీది చిరునవ్వుకు గుర్తు. దాని నుంచి వేలాడే చిన్న ముడి రోజుకొక మంచి పని చేయాలన్న మాటను గుర్తు చేయడానికి. ఎదుటివాడు ఎక్కడిదాకా వచ్చాడో, ఇంకా ఏమి మిగిలి ఉందో బ్యాడ్జీ ఆకారమే చెప్పేసేది. ఇప్పటి చొక్కాల మీది బ్యాడ్జీలను చదవాలంటే పక్కన ఒక పట్టిక ఉండాలి.

1908లో ఆరు భాగాలుగా వెలువడిన బేడెన్-పావెల్ పుస్తకం ‘స్కౌటింగ్ ఫర్ బాయ్స్’ ఆధారంగా రూపుదిద్దుకున్న మెట్లు మూడే: టెండర్‌ఫుట్, సెకండ్ క్లాస్, ఫస్ట్ క్లాస్. వీటి నిబంధనలను కొంచెం నిదానంగా చూడటం అవసరం, ఎందుకంటే తర్వాతి మార్పులన్నిటినీ కొలవడానికి ఇవే గజం బద్ద. టెండర్‌ఫుట్ కావడానికి స్కౌట్ నియమాలు, వందన పద్ధతి, జెండా నిర్మాణం తెలిసి, చెప్పిన ముడుల్లో నాలుగు వేయగలిగితే చాలు. సెకండ్ క్లాస్‌కు ఒక నెల సేవ, ప్రథమ చికిత్సలో మొదటి పాఠాలు, సంకేతాల అక్షరమాల, కొంత నడిచి కొంత పరిగెత్తి ఒక మైలును 12 నిమిషాల్లో దాటడం, రెండు అగ్గిపుల్లలకు మించకుండా నిప్పు రాజేయడం, పావు పౌను మాంసం, రెండు బంగాళాదుంపలు వండటం, దిక్సూచిలోని 16 ముఖ్య దిక్కులు చెప్పడం కావాలి. అరమైలు జాడను 25 నిమిషాల్లో పట్టుకుంటూ వెళ్ళాలి, లేదా 24 వస్తువులను కాసేపు చూసి వాటిలో 16 గుర్తుపెట్టుకోవాలి. ఫస్ట్ క్లాస్‌కు 50 గజాల ఈత, నిమిషానికి 16 అక్షరాల వేగంతో సంకేతాలు పంపడం, కాలినడకన గాని పడవలో గాని ఏడు మైళ్ళు వెళ్ళి తిరిగి వచ్చి ఆ ప్రయాణం మీద నివేదిక రాయడం, పటం చదవడం, గొడ్డలి వాడటం, దూరాలను కంటితో అంచనా వేయడం కావాలి. బ్యాంకులో ఆరు పెన్నీల పొదుపు కూడా ఒక నిబంధన. అమెరికా సంస్థ 1911లో ఇదే ఆలోచనను సెకండ్ క్లాస్‌కు ఒక డాలరు, ఫస్ట్ క్లాస్‌కు రెండు డాలర్లుగా మార్చుకుంది, అదీ అబ్బాయి స్వయంగా సంపాదించినదై ఉండాలి.

ఈ జాబితాలో రెండు విషయాలు నన్ను ఆకట్టుకున్నాయి. మొదటిది, దాదాపు ప్రతి నిబంధనా చేసి చూపించవలసిన పనే. ‘అవగాహన ఉండాలి’, ‘చర్చించాలి’, ‘తెలుసుకునే ప్రయత్నం చేయాలి’ అన్న మాటలకు అక్కడ చోటు తక్కువ. నిప్పు రాజుకుంటుంది, లేదా రాజుకోదు, మధ్యేమార్గం లేదు. రెండోది, ఫస్ట్ క్లాస్ జాబితాలో చివరన కనిపించే ఒక చిన్న నిబంధన: అబ్బాయి తాను స్వయంగా తర్ఫీదు ఇచ్చిన ఒక కొత్త పిల్లవాణ్ణి టెండర్‌ఫుట్‌గా తీసుకురావాలి. మొత్తం పద్ధతిని నిలబెట్టిన దూలం ఇదేనని నేను అనుకుంటున్నాను. మరొకరికి నేర్పాలంటే తాను మరచిపోయిన ముడిని మళ్ళీ నేర్చుకోక తప్పదు. కాబట్టి మళ్ళీ పరీక్ష పెట్టకుండానే పాత పాఠం మళ్ళీ పరీక్షకు వచ్చేది. ఈ నిబంధన తర్వాత ఎక్కడికి పోయిందో వెతకడం ఈ సమీక్ష రాస్తున్నంతసేపూ నాకు ఒక ఆటలా అనిపించింది.

మూడు మెట్ల పక్కన అల్మారా వంటిది కూడా చాలా త్వరగా వచ్చింది. బ్రిటన్‌లో 1909 నాటికే ప్రావీణ్య బ్యాడ్జీలు, వాటి పైన కింగ్స్ స్కౌట్ అనే గౌరవం మొదలయ్యాయి. మెట్లు అందరికీ ఒకే వరుసలో ఉంటాయి. అల్మారాలోంచి ఎవరికి నచ్చినది వారు తీసుకుంటారు. మొదటిది అందరికీ ఉండవలసిన కనీస సామర్థ్యం, రెండోది ఎవరి అభిరుచి వారిది. బేడెన్-పావెల్ ఈ రెండో దాని విషయంలో తర్వాత చాలా జాగ్రత్తగా మాట్లాడారు: ప్రావీణ్య బ్యాడ్జీకి కొలమానం పిల్లవాడు చేరుకున్న స్థాయి కాదు, అతను పెట్టిన శ్రమ అన్నది ఆయన నిలుపుకున్న మాట, బ్యాడ్జీల కోసం వేటాడే అలవాటును ఆయన ఇష్టపడలేదు. ఆ అలవాటు ఎంత త్వరగా తలెత్తి ఉంటుందో సిల్వర్ వుల్ఫ్ కథను బట్టి ఊహించవచ్చు. మొదట్లో బ్యాడ్జీలు సంపాదించి అబ్బాయిలే పొందే వీలున్న ఆ పురస్కారాన్ని తర్వాత విశిష్ట సేవ చేసినవారికే పరిమితం చేశారు.

చిన్నపిల్లల విషయంలో బ్రిటన్ పద్ధతి చాలాకాలం అందంగా ఉండేది. 1916లో వుల్ఫ్ కబ్స్ విభాగం వచ్చినప్పుడు వారి టోపీ మీద తోడేలు తల గుర్తు ఉండేది. మొదటి నక్షత్రం వస్తే ఆ తోడేలుకు ఒక కన్ను తెరుచుకున్నట్టు, రెండో నక్షత్రం వస్తే రెండు కళ్ళూ తెరుచుకున్నట్టు. ఎనిమిదేళ్ళ పిల్లవాడికి ర్యాంకు అంటే ఏమిటో ఇంతకంటే సులువుగా చెప్పడం కష్టం. 1960ల మార్పుల్లో ఈ నక్షత్రాలు పోయి కంచు, వెండి, బంగారు బాణాలు వచ్చాయి. బాణాలు చెడ్డవి కావు, కానీ అవి ఏ జంతువుకూ కళ్ళు తెరవవు.

అమెరికాలో వరుస మరోలా పెరిగింది. బాయ్ స్కౌట్స్ ఆఫ్ అమెరికా 1910 ఫిబ్రవరి 8న ఏర్పడింది. మరుసటి ఏడాది హ్యాండ్‌బుక్‌లో 57 మెరిట్ బ్యాడ్జీలు, ఫస్ట్ క్లాస్ పైన లైఫ్, స్టార్, ఈగిల్ అన్న మూడు గౌరవాలు ఉన్నాయి. ప్రథమ చికిత్స, ప్రాణరక్షణ, వ్యక్తిగత ఆరోగ్యం, ప్రజారోగ్యం, వ్యాయామం అనే ఐదు నిర్ణీత బ్యాడ్జీలు లైఫ్‌కు అవసరం. మరో ఐదు కలిస్తే స్టార్. మొత్తం 21 అయితే ఈగిల్. బతుకును కాపాడే విషయాలు కాబట్టి లైఫ్ అన్న పేరు, ఐదు కొనలున్నది కాబట్టి స్టార్ అన్న పేరు సరిగ్గా అతికాయి. 1920ల మధ్యలో స్టార్‌ను ముందుకు, లైఫ్‌ను వెనక్కు మార్చారు. క్రమం అప్పటి నుంచి అలాగే ఉంది, కానీ ఆ పేర్లు ఎందుకు పెట్టారో అప్పటి నుంచి ఎవరికీ వెంటనే తట్టదు. మెట్లను తరచుగా సర్దేవారు సాధారణంగా చెల్లించే మూల్యం ఇదే.

1912లో మొదటి ఈగిల్ స్కౌట్ అయిన ఆర్థర్ ఎల్డ్రెడ్‌ను ప్రశ్నించిన బోర్డులో సంస్థ ముఖ్య కార్యనిర్వాహకుడు జేమ్స్ వెస్ట్, ఎర్నెస్ట్ థాంప్సన్ సీటన్, డేనియల్ బియర్డ్ ఉన్నారు. ఆ ఉద్యమానికి పునాది వేసినవారే ఎదురుగా కూర్చుని ఒక పదిహేడేళ్ళ కుర్రవాణ్ణి ప్రశ్నించడం ఊహించుకుంటే ఆ బ్యాడ్జీ బరువు అర్థమవుతుంది. ఇప్పటి బోర్డ్ ఆఫ్ రివ్యూ నిబంధనల ప్రకారం అది పరీక్ష కాదు, నేర్చుకున్న నైపుణ్యాలను అక్కడ మళ్ళీ పరీక్షించకూడదు. పిల్లవాడి అనుభవం ఎలా ఉందో మాట్లాడి తెలుసుకోవడమే పని. భయపెట్టే పెద్దల నుంచి పిల్లలను కాపాడే మంచి ఉద్దేశం ఇందులో ఉంది, దాన్ని కాదనను. కానీ ఒకసారి సంతకం పడితే ఆ విషయం ఇక ముగిసినట్టే అన్న పరిస్థితిని కూడా ఈ నిబంధనే తెచ్చింది.

పెద్ద మార్పులు రెండు దేశాల్లోనూ కొద్ది ఏళ్ళ తేడాతో, ఒకే భయంతో వచ్చాయి: కుర్రవాళ్ళు మారిపోతున్నారు, మనం పాతబడిపోతున్నాం. బ్రిటన్‌లో 1966 నాటి నివేదిక తర్వాత 1967లో సంస్థ పేరు నుంచి ‘బాయ్’ అన్న మాట తొలగింది, నిక్కర్ల స్థానంలో ప్యాంట్లు వచ్చాయి, టెండర్‌ఫుట్ మొదలైన మూడు మెట్ల స్థానంలో స్కౌట్ స్టాండర్డ్, అడ్వాన్స్‌డ్ స్కౌట్ స్టాండర్డ్, చీఫ్ స్కౌట్స్ అవార్డ్ వచ్చాయి. పేర్లు కార్యాలయపు ఫైళ్ళలోంచి వచ్చినట్టున్నాయి, అయినా మెట్ల ఆలోచన మిగిలింది.

అమెరికాలో 1972లో జరిగినది మరింత లోతైన మార్పు, దాన్ని నేను ఈ పద్ధతి చరిత్రలో అన్నిటికంటే విఫలమైన తయారీగా లెక్కిస్తాను. నగరాల పిల్లలను ఆకర్షించాలన్న ఉద్దేశంతో కొత్త కార్యక్రమం తయారైంది. ఈగిల్‌కు కావలసిన బ్యాడ్జీల సంఖ్య 21 నుంచి 24కు పెరిగింది, కానీ శిబిర జీవితానికి సంబంధించిన క్యాంపింగ్ బ్యాడ్జీ తప్పనిసరి జాబితాలోంచి బయటకు వెళ్ళింది. కింది ర్యాంకుల నైపుణ్యాలను విడదీసి, బెల్టుకు తొడుక్కునే లోహపు స్కిల్ అవార్డులుగా మార్చారు. అంకె పెరిగింది, అసలు తగ్గింది. ఒక రాత్రయినా ఆరుబయట గుడారంలో పడుకోకుండా పై ర్యాంకులకు చేరుకునే వీలున్న స్కౌటింగ్‌ను స్కౌటింగ్ అనడానికి చాలామంది పాత స్కౌట్ మాస్టర్లకు నోరు రాలేదు. ఆ దశాబ్దంలో సభ్యత్వం బాగా పడిపోయింది. దానికి కారణాలు అనేకం ఉండవచ్చు గాని, ఏ పిల్లల కోసం మార్పు చేశారో ఆ పిల్లలను మార్పు నిలబెట్టలేకపోయిందన్నది స్పష్టం.

దిద్దుబాటు చేసినవారు విలియం హిల్‌కోర్ట్. డెన్మార్క్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఈయనను ‘గ్రీన్ బార్ బిల్’ అని పిలిచేవారు. ఆ ఆకుపచ్చ గీతలు ప్యాట్రోల్ లీడర్ చిహ్నం, అంటే ఆయన తన ముద్దుపేరుగా ఎంచుకున్నది కూడా పిల్లల నాయకుడి బ్యాడ్జీనే. పదవీ విరమణ చేసిన ఆయన మళ్ళీ ముందుకు వచ్చి 1979 హ్యాండ్‌బుక్ రాశారు, దాంతో శిబిరాలు, అడవి, వంట తిరిగి మధ్యలోకి వచ్చాయి. ఈగిల్‌కు 24 బ్యాడ్జీలు మళ్ళీ 21 అయ్యాయి. స్కిల్ అవార్డులు 1989 దాకా కొనసాగి ఆగిపోయాయి. సేవల సంస్థ తన పొరపాటును గుర్తించి, పాత నిపుణుణ్ణి పిలిపించి, ఉత్పత్తిని తిరిగి సరిచేయడం అరుదు. ఈ ఒక్క విషయంలో ఆ సంస్థకు పూర్తి మార్కులు ఇస్తాను.

అల్మారాలోని విషయాలు మారడం గురించి నాకు పెద్ద ఫిర్యాదు లేదు. ఇన్వెన్షన్ బ్యాడ్జీ 1911లో వచ్చి కొద్ది ఏళ్ళకే పోయింది, ఎందుకంటే దానికి పేటెంటు తెచ్చుకోవలసి ఉండేది. కమ్మరి పని, జంతు చర్మాల్లో గడ్డి కూరడం, తేనెటీగల పెంపకం వంటివి ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. 1963లో అటామిక్ ఎనర్జీ, 1960ల్లోనే అంతరిక్ష అన్వేషణ, కంప్యూటర్లు, 1972లో పర్యావరణ శాస్త్రం, 2011లో రోబోటిక్స్, 2013లో గేమ్ డిజైన్ వచ్చాయి. అటామిక్ ఎనర్జీ పేరు న్యూక్లియర్ సైన్స్‌గా మారింది, కంప్యూటర్ల బ్యాడ్జీ 2014లో డిజిటల్ టెక్నాలజీకి చోటిచ్చింది. కాలం ఏమి నేర్పాలనుకుందో ఈ జాబితాలో కనిపిస్తుంది. 2010లో శతాబ్ది సందర్భంగా వడ్రంగం, దారులు కనుక్కోవడం, సంకేతాలు, జాడలు పట్టడం అనే నాలుగు పాత బ్యాడ్జీలను ఆ ఒక్క ఏడాదికి తిరిగి తెచ్చారు. వాటిని ఎందుకు శాశ్వతంగా ఉంచలేదో నాకు అర్థం కాదు.

పేర్లు మార్చడంలో మాత్రం సంస్థలు ఉదారంగా ప్రవర్తించాయి. అమెరికా గర్ల్ స్కౌట్స్‌లో అత్యున్నత పురస్కారం ఒకప్పుడు గోల్డెన్ ఈగ్లెట్, తర్వాత కర్వ్‌డ్ బార్, ఆ తర్వాత ఫస్ట్ క్లాస్, 1980 నుంచి గోల్డ్ అవార్డ్. అమ్మమ్మ, అమ్మ, మనవరాలు ఒకే ఎత్తు ఎక్కినా మూడు పేర్లు చెప్పుకోవాలి. బ్రిటన్‌లో కింగ్స్ స్కౌట్ 1952లో క్వీన్స్ స్కౌట్ అయి 2022లో మళ్ళీ కింగ్స్ స్కౌట్ అయింది, కాని అది సింహాసనం వల్ల వచ్చిన మార్పు. 1950లో ఏర్పడిన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ మెట్ల ఆలోచనను వదులుకోకుండా పేర్లను తనవిగా చేసుకుంది: ప్రవేశ్, ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్, తృతీయ సోపాన్, ఆపైన రాజ్య పురస్కార్, రాష్ట్రపతి పురస్కార్. సోపానం అంటే మెట్టు అని పేరులోనే ఉండటం వల్ల, పద్ధతి ఏమిటో చేరిన రోజునే పిల్లలకు తెలిసిపోతుంది. చిన్న బాలికలైన బుల్‌బుల్స్‌కు కోమల్, రజత్, స్వర్ణ, హీరక్ పంఖ్‌లు కూడా అంతే చక్కని ఎంపిక.

ఇప్పటి తయారీకి వస్తే, బ్రిటన్ 2002లో మెట్లను దాదాపుగా పక్కన పెట్టింది. ఇప్పటి పద్ధతిలో చీఫ్ స్కౌట్స్ గోల్డ్ అవార్డ్‌కు తొమ్మిది ఛాలెంజ్ అవార్డులు, వాటితో పాటు ఏవైనా ఆరు యాక్టివిటీ లేదా స్టేజ్‌డ్ (దశలవారీగా ఇచ్చే) బ్యాడ్జీలు కావాలి. తొమ్మిదిలో సాహసం, యాత్ర, జట్టు పని, సృజన, ప్రపంచం వంటివి ఉన్నాయి. ఏది ముందు ఏది వెనక అన్న నియమం లేదు. వైకల్యం ఉన్న పిల్లలకు, మధ్యలో చేరినవారికి, ఊరు మారినవారికి ఇది నిజంగా మేలైన పద్ధతి, పాత మెట్ల వరుసలో వీరిలో చాలామంది కిందనే ఆగిపోయేవారు. స్టేజ్‌డ్ బ్యాడ్జీల్లో నాకు బాగా నచ్చినది నైట్స్ అవే: 1 రాత్రి నుంచి 200 రాత్రుల దాకా ఇంటి బయట గడిపిన రాత్రుల లెక్క. చేశావా లేదా అన్న పాత నిజాయితీ ఈ అంకెలో ఉంది. కానీ ఛాలెంజ్ అవార్డుల నిబంధనల్లో ‘పాల్గొనాలి’ అన్న మాట ఎక్కువ, ‘చేయగలగాలి’ అన్న మాట తక్కువ. తొమ్మిదీ పూర్తయ్యాక కూడా ఆ అమ్మాయి లేదా అబ్బాయి తడి కట్టెలతో నిప్పు చేయగలరా అన్నది చొక్కా చూసి చెప్పలేము.

అమెరికా సంస్థ, 2025 నుంచి స్కౌటింగ్ అమెరికాగా పేరు మార్చుకున్నది, మెట్లను వదలలేదు. 2016లో స్కౌట్ అనేదాన్ని మొదటి ర్యాంకుగా కలిపి మొత్తం ఏడు చేసింది. 2019లో బాలికలకు ఈ విభాగం తెరుచుకోగా, 2021లో మొదటి మహిళా ఈగిల్ స్కౌట్ల బృందం ప్రకటన వెలువడింది. ఈ సేవ నూరేళ్ళలో చేసుకున్న అన్నిటికంటే మంచి మెరుగుదల ఇదేనని, ఇంతకాలం పట్టవలసింది కాదని నా అభిప్రాయం. 2014లో వంట బ్యాడ్జీ మళ్ళీ ఈగిల్‌కు తప్పనిసరి అయింది. ఇప్పుడు ఎంచుకోవడానికి 130కి పైగా మెరిట్ బ్యాడ్జీలున్నాయి, ఒక్కో విషయానికి నిబంధనలున్న చిన్న పుస్తకం ఉంటుంది, అందులోని నిబంధనలకు ఒకటి కలపడం గాని తీసేయడం గాని బ్యాడ్జీ పనిని పరిశీలించే కౌన్సిలర్‌కు అనుమతి లేదు. ఆ నియమం ప్రకారం ఒక చోట సులువుగా, మరో చోట కష్టంగా బ్యాడ్జీ రాకూడదు. ఆచరణలో మాత్రం, ఒకే వారాంతంలో పిల్లలను హాలులో కూర్చోబెట్టి గుంపుగా బ్యాడ్జీలు ఇచ్చే మేళాలు ఈ నియమాన్ని అక్షరాలా పాటిస్తూనే దాని ఉద్దేశాన్ని నీరుగారుస్తాయి. బేడెన్-పావెల్ ఇష్టపడని వేట ఇక్కడ టోకు వ్యాపారం అయింది.

నేను వెతుకుతున్న ఆ చివరి నిబంధన, మరొకరికి నేర్పించడం, ఈ వరుసలో దొరికింది. ఫస్ట్ క్లాస్ నుంచి జరిగి లైఫ్ ర్యాంకు దాకా వెళ్ళింది. వివరించడం, చేసి చూపించడం, దగ్గరుండి చేయించడం, ఆపైన తనంతట తాను చేసేలా వదిలేయడం అన్న నాలుగు దశల పద్ధతిలో మరో స్కౌట్‌కు నైపుణ్యాలు నేర్పాలని అక్కడ ఉంది. అంటే అది మిగిలే ఉంది, కానీ ఒకప్పుడు ఫస్ట్ క్లాస్ కోరే ప్రతి స్కౌటూ చేయవలసిన పనిగా ఉన్నది, టెండర్‌ఫుట్‌లో ఒక ముడి నేర్పడం మినహా, ఇప్పుడు ఐదో మెట్టు దాటి పైకి వెళ్ళాలనుకునేవారి పనిగా మారింది. చాలామంది అంత దూరం వెళ్ళరు.

ఎవరికి ఏది తగినదో చెప్పవలసి వస్తే, భిన్నమైన అవసరాలున్న పిల్లలకు, కొత్త అనుభవాల రుచి చూపించాలనుకునే తల్లిదండ్రులకు బ్రిటన్ తరహా స్వేచ్ఛాయుతమైన పట్టిక మెరుగు. ఒక పని చేతికి వచ్చేదాకా పట్టువదలని పిల్లలకు మెట్లున్న పద్ధతి మెరుగు. రెండిటిలో దేన్ని ఎంచుకున్నా, ఫలితం హ్యాండ్‌బుక్ కంటే ట్రూప్ (స్థానిక స్కౌట్ దళం) మీదే ఎక్కువ ఆధారపడుతుంది. కాబట్టి చేర్పించే ముందు ఒక సాయంత్రం వెళ్ళి, పైర్యాంకు పిల్లవాణ్ణి కాకుండా కిందటి నెలలో చేరిన పిల్లవాణ్ణి ‘బోలైన్ ముడి నీకు ఎవరు నేర్పారు’ అని అడగండి. జవాబుగా స్కౌట్ మాస్టర్ పేరు కాక, తనకంటే రెండేళ్ళు పెద్దవాడైన మరో స్కౌట్ పేరు వస్తే, ఆ ట్రూప్ ఏ దశాబ్దపు బ్యాడ్జీలు ఇస్తున్నా నేను చేర్పిస్తాను.